గురువారం గది

జనవరి 20, సోమవారం

రేపటి నుంచి నలభై మొదలు. తాగినవాడి నమాజు నలభై రోజులు చెల్లదని అమ్మ చిన్నప్పుడే చెవిలో పోసింది. ఆ ఒక్క మాటకి మా ఊరు లరాష్‌లో ఎంత తాగుబోతైనా తల వంచుతాడు. రంజాన్‌కి నలభై రోజుల ముందు సీసా కింద పెడతాడు, పండగ వెళ్ళాక మళ్ళీ తీస్తాడు. నేనూ అంతే. పందొమ్మిదేళ్ళలో ఒక్క ఏడాది తప్పలేదు.

ఇది రాసి పెట్టుకోవడం మంచిది. బానిసైనవాడు ఆపలేడు. నేను ఆ నలభై, రంజాన్ ముప్ఫై కలిపి ఏటా డెబ్బై రోజులు ఆపుతాను. కాబట్టి నేను బానిసను కాను.

ఇవాళ ఆఖరిది కనుక కాస్త ఎక్కువే అయింది. ఇతిమాద్ ఏమీ అనలేదు. ఏడాదిలో ఈ ఒక్క రోజు ఎప్పుడూ ఏమీ అనదు. రేపటి నుంచి తనకి మొగుడు వస్తాడు. గోడలకు సున్నం వేయించడం, చుట్టాలను భోజనానికి పిలవడం, తెతువాన్ నుంచి అక్కను రప్పించుకోవడం, అన్నీ ఆ రోజుల్లోనే పెట్టుకుంటుంది. వాటికి "నా డెబ్బై" అని పేరు కూడా పెట్టుకుంది.

జనవరి 21, మంగళవారం

పొద్దున బాగానే గడిచింది. రెండు పాఠాలు చెప్పాను. రెండోదానిలో గేరు మార్చడం చూపిస్తుంటే చెయ్యి వణికింది. కారు నేర్చుకుంటున్న పిల్ల చూసి "చలేస్తోందా సార్?" అంది. అవునన్నాను. వీపంతా చెమట.

సాయంత్రం ఒక్క గుక్క. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని ఎక్కడో విన్నాను. మందులా వేసుకున్నదాన్ని తాగడం అనరు.

జనవరి 22, బుధవారం

ఈసారి నెలవంక ఒక రోజు వెనక్కి పోవచ్చని మసీదు దగ్గర అనుకుంటున్నారు. అలాగైతే నలభై మొదలయ్యేది నిన్న కాదు, ఇవాళ. ఇవాళ సగం అయిపోయింది కనుక రేపు.

జనవరి 23

రేపటి నుంచి.

జనవరి 26, ఆదివారం

ఇతిమాద్ కిటికీలన్నీ తీసింది. ముందు గదిలోని సోఫాల గలీబులు ఉతికి ఆరేసి వేసింది. మా అన్నయ్య అయ్యద్‌ని, వదిననూ భోజనానికి పిలిచింది. ఆలివ్ కాయలు, నిమ్మకాయ పచ్చడి వేసి కోడి వండింది. అన్నయ్య బట్టల కొట్టు మసీదుకి ఎదురుగానే ఉంటుంది. అందుకేనేమో, దేవుడి సంగతులన్నీ తన కొట్టు మీదుగానే ఊళ్ళోకి వెళ్తాయన్నట్టు ఉంటాడు.

"ఒరేయ్ బూసెల్హామ్! ఈ డెబ్బై రోజులూ నువ్వు నా తమ్ముడివిరా. మిగతా రోజుల్లో ఆ కారులో తిరిగేవాడెవడో నాకు తెలీదు" అన్నాడు. వదిన నవ్వింది. ఇతిమాద్ కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

భోజనం మధ్యలో రెండుసార్లు కిందికి దిగాను. టైరులో గాలి చూసొస్తానన్నాను. సీసా డిక్కీలో, స్పేరు టైరు కింద ఉంది.

ఆమె నవ్వు చూస్తుంటే నిజం చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఆ మాట చెప్పడం పాపం.

జనవరి 30, గురువారం

ఇవాళ మనిషి ప్రాణం పోయేదే.

హజ్జా ఫ్తూమా పాఠం. అరవై ఒక్కేళ్ళ మనిషి, రెండేళ్ళుగా పరీక్ష తప్పుతూనే ఉంది, పట్టు మాత్రం వదలదు. సంత దగ్గర చౌరస్తాలో నారింజల బండి అడ్డం వచ్చింది. ఆమె కంగారుపడింది. నా వైపు కూడా బ్రేకు ఉంది. అది ఉన్నదే ఇలాంటప్పుడు తొక్కడానికి. నేను తొక్కలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎదురుగా బండి కనిపిస్తూనే ఉంది, నేను మాత్రం అక్కడ లేను. బండి బోల్తా పడింది. బండివాడు గంతేసి తప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది.

వాడు నా మీద అరుస్తుంటే హజ్జా కారు దిగింది. "ఆయన్నెందుకంటావు? ముసలిదాన్ని, బ్రేకనుకుని రెండోది తొక్కాను" అని వంగి నారింజలు ఏరింది. అందరూ కలిసి ఏరారు. మళ్ళీ కారెక్కాక అడిగాను.

"హజ్జా, తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"నామీద వేసుకుంటే మహా అయితే నవ్వుతారు. నీ మీద పడితే నీ అన్నం పోతుంది. ముందు నోట్లోని ఆ పుదీనా ఊసెయ్ అబ్బాయ్. మా అన్నయ్య కూడా వాసన రాకుండా ఇలాగే మేకలా నమిలేవాడు."

"నేను నలభైలో ఉన్నాను హజ్జా."

"నువ్వు నలభైలో ఉంటే నేను కొత్త పెళ్ళికూతుర్ని."

తర్వాత చెప్పింది. గురువారం గురువారం, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, స్పెయిన్ వాళ్ళ పాత చర్చి వెనక గది. ఆకుపచ్చ తలుపు. తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు నలుగురు కూర్చుంటారు. తాళం ఆమె అన్నయ్య మ్ఫద్దల్ దగ్గర ఉంటుంది.

"చర్చిలోనా?" అన్నాను.

"మసీదు వాళ్ళనీ అడిగాడు మా అన్నయ్య. మన ఊళ్ళో అలాంటివాళ్ళు లేరుగా అన్నారట."

ఫిబ్రవరి 6, గురువారం

వెళ్ళాను. చర్చి చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఆకుపచ్చ తలుపు కనిపించింది. ఎదురుగా ఆలివ్ కాయలమ్మే అతనికి నేను తెలుసు, వాళ్ళ కూతురికి కారు నేర్పింది నేనే.

"ఏం బూసెల్హామ్ గారూ, ఏమైనా పారేసుకున్నారా?"

"కారు తాళం."

పాపం మంచివాడు. కొట్టు వదిలేసి వచ్చి నాతో పాటు వెతికాడు. నా జేబులోనే ఉన్న తాళం కోసం ఇద్దరం నడుములు వంచి అరగంట రోడ్డంతా గాలించాం. ఆ అరగంటలో ముగ్గురు ఒక్కొక్కరే వచ్చి ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళడం చూశాను. చివర వచ్చినది ఆడమనిషి.

ఇంటికొచ్చే దారిలో తాగాను.

ఫిబ్రవరి 9

"రేపటి నుంచి" అని రాయడం మానేశాను. దాని బదులు ఏం రాయాలో తెలియడం లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

ఆలివ్ కాయలతను నమాజు నుంచి ఇంకా తిరిగి రాకముందే లోపలికి దూరాను. దొంగలాగా.

చిన్న గది. ప్లాస్టిక్ కుర్చీలు, టీ కెటిల్, మూలన తెల్ల గుడ్డ కప్పిన ఏదో విగ్రహం. మ్ఫద్దల్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. ముక్కు మీద కళ్ళద్దాలు, ఉత్తరం మీద చిరునామా చదువుతున్నట్టు మనుషుల్ని చూస్తాడు. రేవులో కాపలా ఉండే ఒకాయన ఉన్నాడు, పలకరిస్తే తల ఊపుతాడంతే. తలుపు పక్కన తామో. చేపల ఫ్యాక్టరీలో పని. ముక్కు దాకా స్కార్ఫు కప్పుకుని ఉంది.

"నలభై తప్పినవాడివా?" అన్నాడు మ్ఫద్దల్.

"మీకెలా తెలుసు?"

"ఏటా ఈ రోజుల్లో ఒకడొస్తాడు. రంజాన్ రాగానే మాయమైపోతాడు. పండగయ్యాక వాడి కబురు ఎవరో ఒకరు చెప్తారు."

"ఏం కబురు?"

"టీ చల్లారుతోంది, తాగు."

తామో స్కార్ఫు దించి మాట్లాడింది. "నా పేరు తామో. తాగేదాన్ని. మగాడు తాగితే రంజాన్ దాకా ఓపిక పడతారు. నన్ను మర్నాడే బయట పెట్టారు. పిల్లలిద్దరూ వాళ్ళ నానమ్మ దగ్గరున్నారు. నేను ముట్టుకోక పదకొండు నెలలైంది. పన్నెండు నిండితే చూడనిస్తామన్నారు. గురువారం ఇక్కడికి రాకపోతే శుక్రవారం నేనేం చేస్తానో నాకే తెలీదు."

నా వంతు వచ్చింది. "నా పేరు బూసెల్హామ్. నేను... ఒక స్నేహితుడి గురించి కనుక్కుందామని వచ్చాను" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. "మంచిది. వచ్చే గురువారం మీ స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకురా" అన్నాడు మ్ఫద్దల్. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆపాడు. "నలభై గురించి మర్చిపో. మీ స్నేహితుడికి చెప్పు, పొద్దుగూకేదాకా తాగొద్దని. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత."

పొద్దుగూకేదాకా తాగలేదు. పొద్దుగూకాక తాగాను. కానీ అప్పటిదాకా తాగలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

నిన్న లేదు. ఇవాళ లేదు. ఇతిమాద్‌తో సముద్రం దాకా నడిచి వెళ్ళాను. వేయించిన గింజలు కొనుక్కుని తిన్నాం. బతికి ఉన్నట్టుంది.

ఫిబ్రవరి 18

తాగాను.

ఫిబ్రవరి 20, గురువారం

చెప్పేశాను. "నేను తాగుతాను. ఆపలేకపోతున్నాను. ఇంట్లో వాళ్ళు ఆపేశాననుకుంటున్నారు." అంతే, మూడు ముక్కలు. చెప్పాక ఏడుపొచ్చింది. నలభై ఏడేళ్ళ మగాణ్ణి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ముక్కు చీదుకున్నాను. తామో చక్కెర గిన్నె నా వైపు జరిపింది. కాపలా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. నా జన్మలో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేను.

బయటికొస్తుంటే ఆలివ్ కాయలతను కొట్టు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఈసారి తాళం పోయిందని అనలేకపోయాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఇతిమాద్ ఊరి ఆడవాళ్ళంతా వెళ్ళే స్నానాల ఇంటి నుంచి తడి జుట్టుతో నేరుగా వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"గురువారాలు చర్చికి వెళ్తున్నావట. ఆడవాళ్ళంతా నేను రాగానే మాటలాపేశారు. ఆలివ్ కాయలతని భార్యే చెప్పింది. మతం మార్చుకుంటున్నావా? స్పెయిన్ వెళ్ళడానికా? నాకొక్క మాట చెప్పు, ఏదైనా సరే."

నా దగ్గర ఒకే ఒక్క నిజమైన జవాబు ఉంది. అది చెప్తే ఆమె డెబ్బై పోతుంది. బుధవారం వాళ్ళక్క వస్తోంది. చెప్పకపోతే మతం మారిన మొగుడవుతాను. రెంటిలో ఏది తక్కువ నొప్పో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆలోచన పూర్తయ్యేలోపు ఆమె లేచి వెళ్ళిపోయింది.

నేను అబద్ధం ఆడలేదు. ఊరుకున్నానంతే.

ఫిబ్రవరి 24, సోమవారం

అన్నయ్య ఖురాన్ చేత్తో పట్టుకుని వచ్చి ఇల్లు పీకి పందిరేశాడు. కొట్టుకి వచ్చినవాళ్ళు మొహం చూసి వెళ్ళిపోతున్నారట. నిన్న చర్చి గుమ్మం ముందు నిలబడి మా తమ్ముణ్ణి వదలండని కేకలు వేసి వచ్చాడట.

"తాగావు, మోశాం. ఇరవై ఏళ్ళు మోశాం. తాగినా నువ్వు మనవాడివేరా! ఇదేంట్రా ఇది? నాన్న సమాధి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోను?"

ఆయన నిజంగా ఏడుస్తున్నాడు. ఇక ఉండబట్టలేకపోయాను. "మతం లేదు, పాడూ లేదు అన్నయ్యా. తాగుడు మానేవాళ్ళు కూర్చునే గది అది. నేను ఈసారి నలభై ఆపలేకపోయాను. అందుకు వెళ్ళాను" అన్నాను.

అన్నయ్య నోరు తెరుచుకుని నన్ను చూశాడు. తర్వాత నవ్వాడు. ఇల్లు అదిరిపోయేలా నవ్వాడు. నా తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

"ఇంతేనా! ఒరేయ్ గాడిదా, ఇంతేనా! ప్రాణాలు తీశావు కదరా! నలభై కాకపోతే ఇరవై, ఇరవై కాకపోతే మొదటి ఉపవాసం రోజు. అందరు మగాళ్ళూ మానట్లేదా? దీనికి చర్చి దాకా పోవాలా?"

నా చెయ్యి ఖురాన్ మీద పెట్టించాడు. ప్రమాణం చేయించాడు. తాగనని కాదు. ఆ గదిలో మళ్ళీ కాలు పెట్టనని. చేశాను. ఆయన కళ్ళు తుడుచుకుని టీ అడిగాడు.

టీ రాలేదు. ఇతిమాద్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎన్నో రోజు నుంచి?" అంది.

"మొదటి రోజు నుంచి."

"అన్నయ్యగారు భోజనానికొచ్చిన ఆదివారం?"

"అప్పుడూ."

"సముద్రానికి వెళ్ళిన రోజు?"

"ఆ రోజు లేదు. నీమీద ఒట్టు, ఆ రోజు లేదు."

నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? అన్నయ్య వెళ్ళాక సోఫాల గలీబులన్నీ తీసి పెట్టెలో పెట్టేసింది. వాళ్ళక్కకి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదు, రావద్దంది.

ఫిబ్రవరి 26, బుధవారం

హజ్జా ఫ్తూమా పాఠం. మొదటి గేరులోనే చెప్పింది. అన్నయ్య కేకల తర్వాత చర్చివాళ్ళు భయపడ్డారు. మాకు గొడవలొద్దు, ఇంకో చోటు చూసుకోండని మర్యాదగానే చెప్పారట. మ్ఫద్దల్ తాళం ఇచ్చేశాడు.

"తామో?" అన్నాను.

"రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. నీ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు అబ్బాయ్. మా అన్నయ్య ఎత్తనివ్వలేదు."

తిట్టినా బాగుండేది. శనివారం ఇతిమాద్ అడిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే, అన్నయ్యను ఆ సాయంత్రమే పిలిచి కాళ్ళు పట్టుకుని బతిమాలి ఉంటే ఆ గది మిగిలేదేమో. నా ఇంట్లో నేను మంచివాడిలా కనిపించడానికి తామో గురువారాలు పోయాయి.

పాఠం ఆపేద్దామన్నాను. హజ్జా ఆపలేదు. నన్ను మా ఇంటి దాకా తనే నడుపుకుంటూ తీసుకొచ్చింది. ఒక్క తప్పు కూడా చెయ్యలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

ప్రమాణం నిలబెట్టుకున్నాను.

మార్చి 1, శనివారం

నెలవంక కనిపించింది. అన్నయ్య ఫోన్ చేశాడు. "ఇక అయిపోయిందిరా నీ కష్టం" అన్నాడు.

మార్చి 2, ఆదివారం

మొదటి ఉపవాసం. మధ్యాహ్నం శ్మశానం పక్కన కారాపి తాగాను. పుట్టి బుద్ధెరిగాక ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. ఉరుము పడలేదు, నేల చీలలేదు. దానికే భయమేసింది.

సాయంత్రం ఇతిమాద్ హరీరా సూపు, ఉడకబెట్టిన గుడ్లు, ఖర్జూరాలు పెట్టింది. అజాన్ వినబడగానే ఖర్జూరం తీసుకుని నోట్లో వేసుకున్నాను, పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నవాడిలా.

"ఉపవాసం ఉన్నవాడు ముందు నీళ్ళ గ్లాసు చూస్తాడు బూసెల్హామ్. నువ్వు నా మొహం చూస్తున్నావు" అంది.

ఆమె కోప్పడలేదు. ఆ మెత్తదనం చూసి ఇంకా భయమేసింది. తర్వాత అడిగింది, ఆ గదిలో ఏం చేస్తారని. కుర్చీలు, కెటిల్, మ్ఫద్దల్ మాటలు, తామో పిల్లలు, తాళం వెనక్కి ఇచ్చేయడం, అన్నీ చెప్పాను. మా పెళ్ళయ్యాక ఒక్కసారిగా అంతసేపు నేనెప్పుడూ మాట్లాడలేదు. సూపు గిన్నెల్లో మీగడ కట్టింది.

"పదకొండు నెలలా?" అంది.

"ఇప్పటికి దాదాపు పన్నెండు."

"మరి ఆ అమ్మాయి ఇప్పుడెక్కడికి పోతుంది?"

నా గురించి ఏమీ అడగలేదు.

మార్చి 4, మంగళవారం

ఇతిమాద్ నాతో చెప్పకుండా హజ్జా ఫ్తూమాని పట్టుకుని మ్ఫద్దల్ ఇంటికి వెళ్ళి వచ్చింది. ఇక గురువారం అసర్ తర్వాత అందరూ కూర్చునేది మా ముందు గదిలో. పక్కవాళ్ళకి మా ఇంట్లో ఖురాన్ పారాయణ అని చెప్పింది. కబురు కొట్టుకి చేరి అన్నయ్య మురిసిపోయాడు. రెండు పెద్ద చక్కెర దిమ్మలు పంపించాడు.

నేను నోరు తెరవబోయాను.

"నువ్వు ప్రమాణం చేసింది చర్చి వెనక గది మీద. మనింటి మీద కాదు. నీ కోసమే పిలుస్తున్నాననుకోకు. నువ్వు వస్తే కూర్చో, రాకపోయినా వాళ్ళొస్తారు" అంది.

పెట్టె తెరిచి గలీబులు మళ్ళీ వేసింది.

మార్చి 6, గురువారం

కారులో రాస్తున్నాను. మా వీధి మలుపులో, మా తలుపు కనబడేటంత దూరంలో ఆపాను. మధ్యాహ్నం పాఠం లేదు. మూడింటికే ఇంటికెళ్ళి స్నానం చేసి కూర్చుందామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. దారిలో డిక్కీ తెరిచాను.

ముందు మ్ఫద్దల్ వచ్చాడు, తెల్ల జెల్లాబా అంగీలో, చేతిలో నిజంగానే ఖురాన్. తర్వాత కాపలా ఆయన. హజ్జా ఫ్తూమా తామో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తామో గుమ్మంలో ఆగి స్కార్ఫు సర్దుకుంది. ఇతిమాద్ ఆమె రెండు బుగ్గల మీద ముద్దు పెట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. సొంత అక్కని కూడా అలా తీసుకెళ్ళదు.

ముందు గది కిటికీ తీసి ఉంది. మాటలు వినబడటం లేదు. ఈపాటికి పేర్లు చెప్పుకుంటూ ఉంటారు. అక్కడ నాకో చోటు ఉంటుంది, కిటికీ పక్కన, నేనెప్పుడూ కూర్చునే చోటు. అక్కడ వేరే ఎవరినీ కూర్చోనివ్వదు ఇతిమాద్. ఇక్కడి నుంచి ముప్ఫై అడుగులుండవు. అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరు. అన్నయ్య లేడు, ఆలివ్ కాయలతను లేడు. ప్రమాణం కూడా లేదు.

ఇతిమాద్ బయటికొచ్చింది. వీధి రెండు వైపులా చూసింది. కారు మీద డ్రైవింగ్ స్కూలు బోర్డుంది, చూడకపోవడం అంటూ ఉండదు. చూసింది. చాలాసేపు చూసింది. పిలవలేదు. చెయ్యి కూడా ఊపలేదు. లోపలికి వెళ్ళింది, తలుపు మాత్రం వెయ్యలేదు.

సీసాలో ఇంకా సగం ఉంది. ఇది అయిపోగానే వెళ్తాను.